దుకాణం వద్దని దుకాణదారుకే ఇచ్చిన అర్జీ

మద్యం దుకాణం మా వీధిలో వద్దని రాసిన అర్జీని, ఆ దుకాణం పెట్టబోయే మనిషి చేతికే ఇచ్చి, వంగి నమస్కారం పెట్టి, పైగా రసీదు కూడా అడిగి తెచ్చుకున్నదాన్ని నేను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. చదువుతూ చదువుతూ మధ్యలో ఎక్కడైనా నేను తెలివైనదాన్నని మీరు పొరపాటు పడితే ఆ పాపం నాకు చుట్టుకుంటుంది.

మాది గిద్దలూరు. నా పేరు షమీమ్. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు, చుడీదార్లు కుడతాను. మద్యం దుకాణాలను లాటరీ తీసి ప్రైవేటు వాళ్లకు ఇవ్వడం ఇప్పుడు మళ్లీ మొదలైంది గానీ, నేను చెప్పేది అంతకు ముందు దఫా లాటరీల నాటి సంగతి. అప్పుడు నాకు కొత్తగా పెళ్లయింది. వయసు చిన్నది, నోరు పెద్దది. కాలనీలో ఇంటరు పాసైన కోడలు నేనొక్కదాన్నే కావడంతో, పింఛను ఆగినా, రేషన్ కార్డులో పేరు తప్పు పడినా అందరూ నా దగ్గరికే వచ్చేవాళ్లు. నేను అర్జీ రాసిచ్చేదాన్ని. వాటిలో కొన్ని పనులు అయ్యేవి. నా రాత వల్లే అయ్యాయని నేను అనుకునేదాన్ని. ఎట్లాగూ అయ్యేవే అయ్యాయని మా ఆయన రఫీ అనుకునేవాడు. చేతికి కొత్త కత్తెర వచ్చిన టైలరుకు కనపడ్డ గుడ్డనల్లా కత్తిరించాలనిపించినట్టు, నాకు కనపడ్డ సమస్యకల్లా అర్జీ రాయాలనిపించేది.

అట్లాంటి రోజుల్లో మా వీధి మొదట్లో ఉన్న సిమెంటు కొట్టు ఖాళీ అయింది. కొన్నాళ్లకు దానికి కొత్త రంగు పడింది. తర్వాత ముందు వైపు అడ్డంగా ఇనుప జాలీ బిగించారు. ఆ జాలీకి మధ్యలో చెయ్యి పట్టేంత సందు వదిలారు. నేను మిఠాయి కొట్టేమో అనుకున్నాను. సంగతి కనిపెట్టింది మా పక్కింటి మరియమ్మత్త. మరియమ్మత్త ఆదివారం చర్చికి, మిగతా రోజులు మిరపచేలకు పోతుంది. సాయంత్రం కూలి నుంచి వస్తూ ఆ జాలీ ముందు నిలబడి, సందులో చెయ్యి పెట్టి తీసి, నేరుగా మా ఇంటికొచ్చింది.

"అమ్మీ, ఆ సందులో సిమెంటు బస్తా పట్టదు. మిఠాయి డబ్బా కూడా పట్టదు. పట్టేది సీసా ఒక్కటే," అన్నది.

"ఎవరు చెప్పినారత్తా?"

"ఎవరు చెప్పాల? వాళ్లాయన తాగే ఏ ఆడమనిషికైనా ఆ సందు కొలత తెలుసు."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. గడప మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది.

"నా కొడుకు ఏసోబు తాగుడు మానేసినాడని కాలనీ అంతా అనుకుంటాంది. వాడు మానలేదు అమ్మీ. దూరమని పోవడం మానినాడు. దుకాణానికి పోవాలంటే మెయిన్ రోడ్డు దాటి, బస్టాండు దాటి పోవాల. వానికి బద్ధకం. ఆ బద్ధకం వల్ల నా కోడలు ఈ ఏడు మంచిగా అన్నం తింటాంది. దుకాణం వాకిట్లోకి వచ్చిందనుకో, వాని కాళ్లకు ఇంక అడ్డమేముంది?"

ఆ కాళ్లకు అడ్డం వేయడానికి నా దగ్గర పెన్ను ఉంది. ఆ సాయంత్రమే కూర్చుని అర్జీ మొదలుపెట్టాను.

వీధి చివర ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉంది. బడికి నూరు మీటర్ల లోపల మద్యం దుకాణం ఉండకూడదని రఫీకి ఆటోలో ఎక్కిన ఎవరో చెప్పారు. మనుషులు నడిచే దారి వెంట కొలవాలట. సరే కొలుద్దామని రఫీ ఆటోలో లగేజీ కట్టే తాడు తెచ్చాడు. దుకాణం వాకిలి నుంచి బడి పెద్ద గేటు దాకా తాడు పరుచుకుంటూ పోయాం. ఆ తాడెంత పొడవో తెలియాలి కాబట్టి జాకెట్లు కొలిచే నా టేపుతో దాన్ని కొలిచాం. మొదటిసారి లెక్క వేస్తే మా వీధి బడి ఒంగోలు దగ్గర తేలింది. నిదానంగా మళ్లీ కొలిచాం. పెద్ద గేటు నుంచి లెక్కేస్తే నూరు మీటర్లు దాటుతోంది. బడి గోడకు పక్కగా ఒక చిన్న గేటుంది. పిల్లలంతా వచ్చేదీ పోయేదీ దానిగుండానే. దాని నుంచి లెక్కేస్తే నూటికి లోపలే ఉంది.

ఇంతటి సమాచారం చేతిలో ఉంది గదా, దాన్ని అర్జీలో రాశానా అంటే రాయలేదు. అంకెలు పెడితే రాత అందం చెడుతుందని నా నమ్మకం. "మద్యమనే మహమ్మారి కోరలు చాచి మా పసిబిడ్డల బంగారు భవిష్యత్తు మీదికి లంఘిస్తున్నది" అని మొదలుపెట్టి, అదే వేగంతో రెండు పేజీలు నింపాను. చదివి వినిపిస్తే మరియమ్మత్త కళ్లు తుడుచుకుంది. అర్థమైందా అని అడిగితే, "అర్థం కాలేదు గానీ బాగుంది" అన్నది.

సంతకాల కోసం ఇల్లిల్లూ తిరిగాం. ఆడవాళ్లు చేస్తారని తెలుసు. ఆశ్చర్యం ఏమిటంటే, కాలనీలో రోజూ తాగే మగవాళ్లు అందరికంటే ముందు సంతకాలు పెట్టారు. వాళ్లలో ఒకాయన నన్ను పక్కకు పిలిచి, "మనింటి ముందరే పెడితే ఎట్లమ్మా? ఆడోళ్లు చూడరా? దుకాణమంటే కొంచెం మరుగుండాల" అన్నాడు. ఆయన సంతకం అన్నిటికంటే అందంగా ఉండింది.

అర్జీ ఇవ్వడానికి బయలుదేరిన రోజు రఫీ నన్ను ఎక్సైజ్ ఆఫీసు ముందు ఆటోలో దింపాడు. దింపి, మా ఇంటి భాషలో, "రసీద్ లేకే ఆ, ఖాళీ హాథ్ నక్కో ఆ" అన్నాడు. రసీదు తీసుకునే రా, ఉత్త చేతులతో రావద్దు అని. ఆ మాట ఒక్కటి బాగా గుర్తు పెట్టుకున్నాను. మిగతా జాగ్రత్తలు కూడా చెప్పి ఉంటే బాగుండేది.

మధ్యాహ్నం భోజనాల వేళ. వరండాలో ఎవరూ లేరు. లోపలి గదిలో పెద్ద టేబులు, దానికి అవతల ఖాళీ కుర్చీ. టేబులుకు పక్కగా, ఫ్యాను కింద ఒకాయన కూర్చుని ఫైలు ముందు పెట్టుకుని ఏదో రాసుకుంటున్నాడు. ఇస్త్రీ చొక్కా, టక్కు, బూట్లు, జేబులో రెండు పెన్నులు. ఆయన ముందు టీ గ్లాసు కూడా ఉంది. రెండు పెన్నులున్న మనిషి ఆఫీసరు కాక ఇంకెవరవుతారు, మీరే చెప్పండి.

"నమస్తే సార్," అన్నాను.

ఆయన తలెత్తాడు. "నమస్తే అమ్మా. మీరు..."

"కాలనీ నుంచి వచ్చినా సార్. అర్జీ ఇయ్యాల."

"అమ్మా, నేను ఇక్కడ..."

"మీరేం చెప్పొద్దు సార్. ముందు నేను చెప్పేది వినండి. విన్నాక మీరు ఏమన్నా పడతాను."

ఆ మనిషి పేరు వెంకటేశ్వర్లు. కొమరోలు ఆయన. మా వీధి దుకాణం లాటరీలో వచ్చింది ఆయనకే. దానికి సంబంధించిన కాగితాలు పట్టుకుని అధికారి కోసం ఎదురుచూస్తున్నాడు. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి. ఆ పూట తెలుసుకోవడానికి ఒక్క క్షణం నోరు మూసుకుంటే చాలు. నేను మూయలేదు. బడి గురించి, పిల్లల గురించి, కూలికి పోయి మసక చీకట్లో తిరిగొచ్చే ఆడవాళ్ల గురించి నిలబడే చెప్పుకుపోయాను. సిమెంటు కొట్టు అనేసరికి ఆయన పెన్ను కింద పెట్టాడు.

"ఏ బిల్డింగు అన్నారు?"

"పాత సిమెంటు కొట్టు సార్. జాలీ కూడా బిగించినారు."

"బిగించేసినారా," అన్నాడు మెల్లగా. బిగించమని చెప్పింది ఆయనే.

అర్జీ తీసి ఆయన ఫైలు మీద పెట్టాను. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు.

"ఇది నాకు ఇస్తున్నారా అమ్మా?"

"మీకు కాక ఇంకెవరికిస్తాం సార్?"

"నేనేం చెయ్యాల?"

"న్యాయం చెయ్యాల."

ఆయన ఒకసారి తలుపు వైపు చూశాడు. ఎవరూ రావడం లేదు. గత్యంతరం లేక చదవడం మొదలుపెట్టాడు. చదువుతుంటే కనుబొమలు దగ్గరికొచ్చాయి. నా శైలికి కదిలిపోతున్నాడని నేను సంతోషపడ్డాను.

"రాత బాగుంది," అన్నాడు చివరికి. "కోరలు చాచింది అన్నారు. ఆ కోరలు బడికి ఎంత దూరంలో ఉన్నాయో మాత్రం రాయలేదు."

"అది రాయాలా సార్?"

"అదే రాయాల. మిగతాదంతా తీసేసినా ఫర్వాలేదు. దుకాణం వాకిలి ఎక్కడ, బడి గేటు ఎక్కడ, నడిచే దారిన ఎన్ని మీటర్లు. బడికి ప్రభుత్వ గుర్తింపు ఉందా? సంతకాల పక్కన ఇంటి నెంబర్లు ఏవి? ఇట్ల ఇస్తే ఆఫీసరు చదివి బాధపడి పక్కన పెడతాడు."

ఒక ఆఫీసరు తన గురించి తానే అంత నిజాయితీగా మాట్లాడటం చూసి నాకు గౌరవం పెరిగింది. ఆయన కొమరోలులో చాలా ఏళ్లు పిల్లలకు ట్యూషన్లు చెప్పాడట. ఎదురుగా కాగితం పట్టుకుని నిలబడిన మనిషికి తప్పు చూపకుండా ఉండటం తన వల్ల కాలేదని తర్వాత ఎప్పుడో తనే చెప్పాడు. తన దుకాణం మూయించే కాగితాన్ని తానే దిద్దుతున్నానని తెలుసట. చెయ్యి ఆగలేదట.

ఆయన ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టిన చోటల్లా నేను అక్కడే కూర్చుని రాశాను. రాస్తూ ఊరుకోవచ్చు గదా. ఊరుకోలేదు.

"ఆ దుకాణం పెట్టేటోడు ఎవడో మీకు తెలుసా సార్?"

"కొంచెం తెలుసు."

"ఎట్లాంటోడు?"

"మరీ చెడ్డోడు కాదమ్మా."

"మీరు పెద్దమనుషులు, మీకు అందరూ మంచోళ్లే. నాకు చూడకుండానే తెలుసు సార్. లావుగా ఉంటాడు, మెడలో గొలుసుంటుంది, బడి పిల్లలు ఎదురుగా ఉన్నా కళ్లకు ఆనని రకం."

ఆయన చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు. ఫ్యాను గాలికి చలేస్తోందేమో అనుకున్నాను.

అంతటితో అయిపోయినా బాగుండేది. కానీ ఇంత మంచి ఆఫీసరు దొరికితే మనసులో మాట దాచుకోవడం తప్పనిపించింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించాను.

"సార్, మీ దగ్గర దాపరికం ఎందుకు. పెద్ద గేటు నుంచి కొలిస్తే నూరు దాటిపోతాది. మేం కొలిచి చూసినాం. చిన్న గేటు నుంచి కొలిస్తేనే మా పని అయ్యేది. అట్లనే కొలిచేటట్టు మీరు చూడాల."

ఆయన నా వైపు తిరిగాడు. "పెద్ద గేటు నుంచి నూరు దాటుతుందా?"

"దాటుతాది సార్."

"ఈ సంగతి ఇంకెవరికన్నా చెప్పినారా?"

"మీకు తప్ప పురుగుక్కూడా చెప్పలేదు."

"మంచి పని చేసినారు," అన్నాడాయన.

రసీదు సంగతి మాత్రం మరిచిపోలేదు. అర్జీ నకలు ముందు పెట్టి, అందినట్టు సంతకం పెట్టమన్నాను. ఆయన వెనకాడాడు. నేను కదలనని తెలిశాక, "అందినది" అని రాసి, కింద పూర్తి పేరుతో సంతకం చేశాడు. తేదీ వేయమంటే వేశాడు.

"ముద్ర సార్?"

"ముద్ర నా దగ్గర లేదమ్మా."

"ఫర్వాలేదు సార్. మీ సంతకమే ముద్ర. కొలతలకు ఎప్పుడు వస్తారు?"

"గురువారం అంటున్నారు."

"మీరు తప్పకుండా రావాల సార్."

"నేను రాక తప్పదు," అన్నాడు.

అసలు కాగితం ఆయనకిచ్చి, నకలు నేను తీసుకుని, నమస్కారం పెట్టి వచ్చాను. దారిలో రఫీ రసీదు చూసి, ముద్ర ఏదని అడిగాడు. కష్టపడి పని సాధించుకొచ్చిన ఇల్లాలిని అడగాల్సిన ప్రశ్న కాదది.

కాలనీలో మాత్రం వెంకటేశ్వర్లు సార్ పేరు మారుమోగింది. తప్పులు తనే దిద్దాడని, టీ మధ్యలో ఆపి విన్నాడని చెప్పాను. టీ ఆపిన సంగతి నాలుగిళ్లు తిరిగేసరికి అన్నం మానేసి విన్నాడని అయింది. మా అత్తమ్మ నమాజు తర్వాత ఆయన కోసం దువా చేసింది. మరియమ్మత్త చర్చిలో ఆయన పేరు చెప్పి ప్రార్థన చేయించింది. ఒక మద్యం దుకాణదారు క్షేమం కోరి రెండు మతాల ఆడవాళ్లు ఒకే వారంలో దేవుణ్ణి వేడుకోవడం గిద్దలూరులో అంతకు ముందు జరిగి ఉండదు.

గురువారం వచ్చింది. అందరం కూలి, కుట్టు మానుకుని బడి గోడ పక్కన నీడలో నిలబడ్డాం. ముందుగా ఆయనొక్కడే మోటారు సైకిల్ మీద వచ్చాడు. మేం అంతమంది ఉంటామని అనుకోలేదేమో, మమ్మల్ని చూసి బండి వెనక్కి తిప్పబోయాడు. నేను ఎదురుపోయి తీసుకొచ్చాను. మా ఇంటి నుంచి కుర్చీ తెచ్చి నీడలో వేశాం. మరియమ్మత్త టీ తెచ్చింది.

"అమ్మా, మీతో ఒక మాట చెప్పాల," అన్నాడు నాతో.

"ముందు టీ తాగండి సార్. ఎండన పడి వచ్చినారు."

మరియమ్మత్త ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. ఏసోబు సంగతి, వాడి బద్ధకం సంగతి, కోడలి సంగతి, నాతో చెప్పినట్టే ఆయనతోనూ చెప్పింది. చివర్లో, "సార్, నువ్వు ఈ దుకాణం రానీయకపోతే ఆ పిల్ల పేరు చెప్పి నీకు పుణ్యం వస్తాది," అన్నది. ఆయన టీ గ్లాసు చేతిలో పట్టుకుని వింటూ కూర్చున్నాడు. తాగలేదు.

అంతలో జీపు వచ్చింది. ఖాకీ బట్టల్లో ఒక మేడం దిగింది. వెనకాలే పొడుగాటి టేపు పట్టుకుని సర్వేయరు దిగాడు. గొడవలు జరగకుండా పోలీసులను కూడా పిలిపించాడు, ఎంత ముందుచూపు మా సారుకు అనుకున్నాను. మేడం నేరుగా కుర్చీ వైపు వస్తుంటే అడ్డం పోయాను.

"మేడం, మీరు అటు నీడలో నిలబడండి. కొలతలు సార్ చూసుకుంటారు."

"ఏ సార్?" అన్నదామె.

"వెంకటేశ్వర్లు సార్."

ఆమె నా భుజం మీదుగా కుర్చీలో ఉన్న మనిషిని చూసింది. "ఆయనెందుకు కొలుస్తాడమ్మా? దుకాణం ఆయనదే గదా. ఎక్సైజ్ ఇన్‌స్పెక్టరును నేను."

చాలాసార్లు ఆలోచించాను, ఆ క్షణాన్ని ఎట్లా చెప్పాలా అని. జాకెట్టు అంతా కుట్టేసి, వేసుకుని చూస్తే చేతులు మెడ దగ్గర, మెడ చేతుల దగ్గర వచ్చినట్టుంది. కాలనీ మొత్తం నా వైపు తిరిగింది. మరియమ్మత్త ఆయన చేతిలోని టీ గ్లాసును చూస్తోంది, వెనక్కి తీసుకోవాలా వద్దా అన్నట్టు. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పైగుండీ ఊడిపోయి మెడలో గొలుసు బయటపడింది.

"నేను చెప్పబోయినా మేడం," అన్నాడు. "ఈమె చెప్పనిస్తేగా."

మేడం నన్ను అడిగింది. "అభ్యంతరం ఏమన్నా ఉంటే ఆఫీసులో ఇయ్యాల గదా. నాకు మీ అర్జీ ఏదీ రాలేదే."

"ఇచ్చినాం మేడం. రసీదు కూడా ఉంది," అన్నాను. ఇంకేం చేయాలో తెలియక ఆ నకలు ఆమె చేతికిచ్చాను. ఆమె సంతకం చూసింది. పేరు చదివింది. మొహం పక్కకు తిప్పుకుని కాసేపు బడి గోడను చూసింది. తిరిగి మా వైపు చూసేసరికి మొహం మామూలుగానే ఉంది, కళ్లలో మాత్రం నీళ్లున్నాయి.

"అభ్యంతరం వస్తే దుకాణదారుకు తెలియజేసి, అందినట్టు సంతకం తీసుకోవడం మా ఆఫీసు పని. అది కూడా మీరే చేసేసినారమ్మా. మా పని తగ్గించినారు," అన్నది. తర్వాత ఆయన వైపు తిరిగింది. "అసలు కాగితం మీ దగ్గరే ఉందా?"

ఆయన బండి డిక్కీ తెరిచి, ఫైలులోంచి నా అర్జీ తీసి ఇచ్చాడు. మడత కూడా నలగలేదు.

"చించి పారెయ్యలేదా?" అని మరియమ్మత్త అడిగింది.

"సంతకం పెట్టి తీసుకున్న కాగితం ఎట్ల చించుతానత్తా," అన్నాడు.

ఇక్కడితో ఆయన మంచివాడైపోయాడని మీరు అనుకోవద్దు. టేపు తీయగానే వ్యాపారం గుర్తొచ్చింది. "మేడం, కొలత పెద్ద గేటు నుంచి తీయాల. పెద్ద గేటు నుంచైతే నూరు దాటుతుందని ఈమే చెప్పింది. కావాలంటే అడగండి."

మేడం నా వైపు చూసింది. "చెప్పినావా?"

"చెప్పినా మేడం."

"ఎందుకు చెప్పినావు?"

"మంచి ఆఫీసరు అనుకుని."

వెనకాల ఎవరో నవ్వారు. ఎవరో నన్ను తిట్టారు. రఫీ మాత్రం ఆటో దగ్గర నిలబడి, చక్రంలో గాలి ఉందో లేదో చూసుకుంటున్నాడు. నాకు ఏడుపొచ్చింది. నా నోటి దురద వల్ల ఆ పిల్ల అన్నం పోతుందని, మరియమ్మత్త మొహం ఇంక చూడలేనని నిజంగానే అనిపించింది.

"పెద్ద గేటా చిన్న గేటా అని కాదు. మనుషులు వాడే గేట్లలో ఏది దగ్గరైతే దాని నుంచి కొలుస్తాం," అన్నది మేడం. "ఆ చిన్న గేటు వాడుతున్నారా?"

"అది తుప్పు పట్టింది మేడం. ఎప్పుడూ మూసే ఉంటుంది," అన్నాడు ఆయన. ఆయన ఆ మాట అంటుండగానే మధ్యాహ్న భోజనం గంట మోగింది. ఆ తుప్పు గేటు ధడాలున తెరుచుకుంది. బడిలో ఉన్న పిల్లలందరూ పళ్లేలు వాయించుకుంటూ దాంట్లోంచి బయటికొచ్చి, గోడ బయటి వంట షెడ్డు వైపు పరుగెత్తారు. కొందరు సర్వేయరు పరిచిన టేపు మీది నుంచి దూకారు. ఒకడు టేపు కొస పట్టుకుని, దీంతో ఏం చేస్తారని అడిగాడు. ఆయన వాళ్లు పోయేదాకా చూశాడు. మళ్లీ గేటు మాట ఎత్తలేదు.

కొలిచారు. నూటికి తక్కువే వచ్చింది. మా తాడు లెక్కకూ సర్వేయరు లెక్కకూ పెద్ద తేడా లేదు గానీ, ఆ సంగతి పైకి చెప్పే ధైర్యం ఆ రోజు నాకు లేదు. ఈ బిల్డింగులో కుదరదని, ఇంకో చోటు చూపించుకోమని మేడం కాగితం రాసి ఆయన సంతకం తీసుకుంది. నా వైపు తిరిగి, ఇంకెప్పుడైనా అర్జీ ఇస్తే ఆఫీసు ముద్ర వేయించుకోమని, సోమవారం కలెక్టరు దగ్గర అర్జీలు తీసుకునేటప్పుడు అక్కడా ఒకటి ఇవ్వమని చెప్పింది. జీపు ఎక్కబోతూ ఆగి, "అక్కడ కూడా ఎవరికిస్తున్నావో కనుక్కొని ఇయ్యి," అన్నది.

జీపు పోయింది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. గెలిచినవాళ్లం అరుచుకుంటూ ఇళ్లకు పోవాలి. పోదామంటే ఆ కుర్చీ మాది.

"టీ తాగు నాయనా," అన్నది మరియమ్మత్త. "ఎట్లయినా పోసింది పోసినాం."

ఆయన చల్లారిన టీ తాగాడు. గ్లాసు నా చేతికిస్తూ, "లావుగా ఉంటాడంటివి. చూస్తివి గదా, నేనేమంత లావున్నానా?" అన్నాడు.

"లావు లేవన్నా," అన్నాను. "గొలుసు మాత్రం ఉంది."

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. అప్పటికి గానీ మిగతావాళ్లకు నవ్వడానికి అనుమతి దొరకలేదు. ఆ నవ్వులు చాలాకాలం ఆగలేదు. నేను కొత్త జాకెట్టు కొలతలు తీసుకుంటుంటే, "నా కొలతలే రాస్తున్నావా, ఇంకెవరివన్నానా" అని ప్రతి ఆడమనిషీ అడిగేది.

దుకాణం తర్వాత కొమరోలు పోయే రోడ్డులో, ఊరికి బాగా ఎడంగా తెరిచారు. అంత దూరం నడిచేంత దాహం ఏసోబుకు ఎప్పుడో తప్ప పుట్టలేదు. ఆ సిమెంటు కొట్టులో ఇప్పుడు పిండిమిల్లు ఉంది. జాలీ మాత్రం తీయలేదు. ఆ సందులోంచే పిండి సంచులు అందిస్తారు, చిన్నవైతే.

కొన్ని నెలల తర్వాత ఒకరోజు, నేను మిషను మీద ఉండగా ఎవరో నలుగురు ఆడవాళ్లు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. ఎప్పుడూ చూసిన మొహాలు కావు.

"షమీమమ్మ అంటే మీరేనా? మాది కొమరోలు రోడ్డులో కొత్త కాలనీ. మా పక్కన బ్రాందీ షాపు తెరిచినారు. దానికి అర్జీ రాయాల. మీరు బాగా రాస్తారంట."

నాకు లోపల ఎంత సంతోషమైందో చెప్పలేను. అంత దూరం నా పేరు పోయిందంటే మాటలు కాదు. మిషను ఆపి చాప వేశాను, మంచినీళ్లిచ్చాను. పెన్ను వెతుక్కుంటూ, ఎవరు చెప్పారని అడిగాను.

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి పెద్దావిడ చెప్పింది.

"ఆ షాపాయనే చెప్పినాడమ్మా. మేం పోయి కొట్లాడితే, నోటితో అరిస్తే ఏమొస్తాది, కాగితం మీద రాసి ఇయ్యండి అన్నాడు. మాకు రాయను రాదంటే, గిద్దలూరులో షమీమ్ అని టైలరమ్మ ఉంది, ఆమె చేత రాయించుకోండి, దూరాలు కూడా కరెక్టుగా కొలుస్తాది అన్నాడు."

"అట్లన్నాడా?"

"అన్నాడమ్మా. కాకపోతే, రాయించుకున్నాక అది ఎవరికియ్యాలో మాత్రం ఆమెను అడగొద్దండి అన్నాడు."

అర్జీ రాసిచ్చాను. కోరలు లేవు, మహమ్మారి లేదు. మీటర్లు మాత్రమే ఉన్నాయి. ఎవరికి ఇవ్వాలో వాళ్లు నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ రోజు మిషను మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను. ఈ ఒంట్లో ఊపిరున్నంత వరకు, సూదిలో దారం ఎక్కించడానికి కళ్లు కనపడినంత వరకు, ఎంత మంచి ఇస్త్రీ చొక్కా ఎదురుపడినా సరే, ఎన్ని పెన్నులు పెట్టుకున్నా సరే, "అయ్యా, తమరెవరు?" అని అడిగి, జవాబు మొత్తం విన్నాకే నోరు తెరుస్తాను. ఇందుకు ఆ ఆకాశమూ, ఈ భూమీ, మా ఆయనా సాక్షులు. మొదటి రెండిటి సంగతి తెలియదు గానీ, మూడో సాక్షికి మాత్రం ఈ ప్రమాణం మీద ఇంతవరకు నమ్మకం కుదరలేదు.